కొసరుకు గడి లేదు

జూన్ పదకొండో తేదీ, మంగళవారం, ఉదయం అయిదు గంటల నలభై నిమిషాలకు హిందూపురం బస్టాండులో మా ప్రయాణం మొదలైంది. బస్సు అయిదున్నరకే కదలాలి. ఆ పది నిమిషాల ఆలస్యం డ్రైవరు టీ వల్ల జరిగింది, మా వల్ల కాదు. మేమిద్దరం అయిదుంబావుకే సీట్లలో కూర్చున్నాం. నేనూ, నాగవేణీ, మా కాళ్ళ మధ్య సంచిలో పదమూడు దుప్పట్లు.

పదమూడు ఎందుకంటే అది మా డజను. మా వైపు డజను అంటే పన్నెండు, పైన కొసరు ఒకటి.

నాకు డెబ్బై రెండేళ్ళు. ప్రభుత్వ ఆఫీసులో కొనుగోళ్ళ సెక్షన్ చూసి రిటైరయ్యాను. నాగవేణి మా వీధి చివర రేకుల షెడ్డులో ఎనిమిది మిషన్లు పెట్టి ఆసుపత్రి మంచాలకు దుప్పట్లు కుట్టిస్తుంది. లెక్కలు నేను రాసిపెడతాను. ఆ దుప్పట్లన్నీ శంకరప్ప అనే బెంగళూరు కాంట్రాక్టరు మా దగ్గర కొని, తన పేరు మీద ఆసుపత్రులకు ఇచ్చేవాడు, దసరాకు మాకు మిఠాయి పొట్లం పంపేవాడు. ఉగాది దాటాక అతని నుంచి కబురొచ్చింది. జిగణిలో ఫ్యాక్టరీ సరుకు చవగ్గా దొరుకుతోందట, పాత ఆర్డరు అయిపోయాక ఇక మాది అక్కరలేదట. ఈ నెలాఖరులోగా వేరే ఆర్డరు దొరక్కపోతే షెడ్డు ఖాళీ చేసి తాళాలు ఇచ్చేయాలి. ఎనిమిదిమంది ఆడవాళ్ళు ఇళ్ళకు పోవాలి.

సరిగ్గా అప్పుడే ఈ పిలుపు వచ్చింది. సర్కారు ఆఫీసులు గుండుసూది నుంచి జనరేటరు దాకా ఏది కొన్నా, దేశం మొత్తానికి ఒకే చోట, కంప్యూటరులో కొనేటట్టు ఒక ఏర్పాటు ఉంది. మాలాంటి చిన్న షెడ్లవాళ్ళు కూడా మధ్యలో కాంట్రాక్టరు లేకుండా, తెలుగులోనో కన్నడంలోనో చదువుకుని నేరుగా ధర వేసేటట్టు దాన్ని ఇప్పుడు మార్చి కడుతున్నారు. కట్టేవాళ్ళు బెంగళూరులో ఉన్నారు. సరిహద్దు జిల్లాల నుంచి కొందరిని పిలిచి, ఒకరోజు ఉత్తుత్తి టెండరు వేయించి నేర్పుతామన్నారు. ఆ తర్వాత నిజం టెండరే. బెంగళూరులో ఒక ఆసుపత్రికి పన్నెండు వందల దుప్పట్లు.

"పెద్దమ్మా, నాకు తోడు రా. నేను ఒక్కదాన్నే పోతే ఆ కంప్యూటరు నన్ను తినేస్తాది" అంది నాగవేణి. వెళ్ళాను.

మెజెస్టిక్ నుంచి హెబ్బగోడికి

బెంగళూరు మెజెస్టిక్ బస్టాండులో దిగి హెబ్బగోడి బస్సెక్కాం. బెంగళూరు సిటీ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేదని విని ఉన్నాం కాబట్టి నాగవేణి తన ఆధార్ కార్డు పైకెత్తి పట్టుకుని దర్జాగా కూర్చుంది. కండక్టరు కార్డు చూశాడు, ఆమె ముఖం చూశాడు, రెండు టికెట్లు చింపాడు.

"ఆడది ఎక్కడైనా ఆడదే గదప్పా" అంది నాగవేణి.

"ఆడదే అమ్మా. ఆంధ్రా ఆడది" అన్నాడతను తేట తెలుగులో. బాగేపల్లి మనిషట. వెనక సీట్లలో ఉచితంగా కూర్చున్నవాళ్ళందరూ నవ్వారు. ఆ గొడవలో నా గొడుగు సీటు పక్కనే మరచిపోయాను. దిగిన అరగంటకు వాన మొదలైంది కాబట్టి మరచిపోయిన సంగతి వెంటనే తెలిసింది.

హెబ్బగోడిలో నాగవేణి చిన్నమ్మ కూతురు రత్న ఒక గది అద్దెకు తీసుకుని ఉంటోంది. ఫోన్ల ఫ్యాక్టరీలో షిఫ్టు పని. మేడ నిండా అలాంటి గదులే. ప్రతి తలుపు ముందూ చెప్పులు, ప్రతి కిటికీకీ ఆరేసిన యూనిఫారం. ఉన్న ఒక్క మంచాన్నీ నాకిచ్చి, వాళ్ళిద్దరూ చాపమీద సర్దుకున్నారు. మంచం మీద దుప్పటి పలచబడి రంగు తెలియకుండా ఉంది.

రత్న మాకు ముద్ద, బస్సారు పెట్టింది. మా ఇళ్ళలో రాగి సంగటిలో బియ్యం పడతాయి, పంటికింద నూక తగులుతుంది. ఇక్కడి ముద్దలో బియ్యం వేయరు, నున్నగా ఉంటుంది, నమలకుండా మింగాలట. నేను నమిలాను. బస్సారు మాత్రం మా వాళ్ళు నేర్చుకోదగ్గది. ఆకుకూర, పప్పు కలిపి ఉడికించి, ఆ నీళ్ళు వంచి చారు కాస్తారు, మిగిలినదాన్ని పోపుపెట్టి కూర చేస్తారు. ఒక పొయ్యి, ఒక గిన్నె, రెండు వంటలు.

ఉత్తుత్తి టెండరు

బుధవారం పొద్దున ఎలక్ట్రానిక్ సిటీలో ఒక మేడ మూడో అంతస్తులో ముప్పైమందిమి కూర్చున్నాం. చీపుర్లవాళ్ళు, కుర్చీలవాళ్ళు, ఊదొత్తులవాళ్ళు, మేము. మాకు నేర్పడానికి వచ్చిన అమ్మాయి పేరు వసంత. అమ్మకందార్లు ధర వేసే కంప్యూటరు తెరలు తయారుచేసినవాళ్ళలో ఆమె ఒకతె. తాతల కాలం నుంచీ బొమ్మనహళ్ళిలో ఉన్న తెలుగు కుటుంబం. ఆమె నోట మాట వింటుంటే అనంతపురం బస్సులో కూర్చున్నట్టుంది, మధ్యమధ్య కన్నడం, ఇంగ్లీషు ఎక్కి దిగుతున్నాయి.

ముందు డిజిటల్ సంతకం. అది చూడటానికి పెన్‌డ్రైవులాగా ఉంటుంది. కంప్యూటరుకు గుచ్చితేనే మన సంతకం పడుతుంది. ఎక్కడ పారేసుకుంటానో అన్న భయంతో నాగవేణి దాన్ని పసుపుతాడుకు కట్టి మెడలో వేసుకుని ఉంది. విప్పమంటే విప్పనంది. చివరికి కంప్యూటరు దగ్గరికి మెడ చాచి వంగి కూర్చుని గుచ్చింది. కుర్చీలమ్మే పెద్దాయన ఒకడు, "తాళి కట్టించుకున్నట్టు వంగినావే తల్లీ" అన్నాడు. "నీకన్నా ఇదే మేలు, చెప్పినమాట వింటాది" అంది నాగవేణి. వసంత నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగింది.

తర్వాత అందరం ఉత్తుత్తి ధరలు వేశాం. దుప్పటికి నాగవేణి మూడొందల ఇరవై వేసింది. సాయంత్రం నాలుగింటికి ధరలు తెరమీద తెరిచారు. తక్కువ ధర వేసినవాళ్ళను ఎల్-వన్ అంటారు, ఆర్డరు వాళ్ళకే. దుప్పట్లకు ఎల్-వన్ రెండొందల ఎనభై. నాగవేణి నాలుగో స్థానం.

ఆమె లేచి నిలబడింది. "మేము తగ్గిస్తాం గదా. పిలిచి అడగందే ఎట్ల తెలుస్తాది మా చివరి మాట?"

అప్పుడు నాకు అర్థమైంది, ఆ గదిలో సగంమంది చేసిన పొరపాటు ఇదే. మా కాలంలో కవర్లు విప్పాక ఆఫీసరు తక్కువ వేసినవాళ్ళను పిలిచి, ఇంకా ఎంత తగ్గిస్తారని అడిగేవాడు. అందుకని అమ్మేవాడు ఎప్పుడూ తగ్గించడానికి చోటు పెట్టుకునే ధర రాసేవాడు. మొదటే చివరి మాట చెప్పేవాణ్ణి మా వైపు వ్యాపారం తెలియనివాడంటారు. నాగవేణి ముప్పై రూపాయలు చోటు పెట్టుకుంది. రెండొందల తొంభైకి దిగాలని ఆమె ఉద్దేశం.

"ఎవరూ పిలవరక్కా" అంది వసంత. "ఏది వేస్తే అదే చివరి మాట."

"సరే, ధర అట్లనే ఉండనీ. కొసరు యాడ రాయల్ల? దానికి కాలమ్ ల్యాదే."

వసంత కుర్చీ లాక్కుని మా పక్కన కూర్చుంది. మొదట్లో అలాంటి గడి ఒకటి పెట్టారట. ఏదైనా చెప్పదలిస్తే రాయండి అని. అమ్మకందార్లు అందులో ఒకడు డజనుకు ఒకటి ఎక్కువిస్తానని, ఒకడు దసరాకు మళ్ళీ తగ్గిస్తానని, ఒకడు మామిడిపళ్ళు పంపుతానని రాశారట. ఎవరి ధర తక్కువో తేల్చడం ఎవరి వల్లా కాలేదు. అందుకని తీసేశారు. "అందరి ధరలూ పక్కపక్కన పెట్టి కొలవల్లంటే అందరూ ఒకే కాలమ్‌లో ఉండల్లక్కా."

నేను అడగాల్సింది ఒకటి మిగిలింది. తెరిచే గడువుకు ముందు ఈ ధరలు ఎవరికి కనబడతాయి?

"ఎవరికీ కనబడవవ్వా. కట్టింది మేమే, మాకూ కనబడవు. గడువు దాటినాక ఇద్దరు ఆఫీసర్లు, ఎవరి తాళం వాళ్ళు తీస్తేనే తెరుచుకుంటాది."

మా ఆఫీసు టెండరు పెట్టెకు రెండు తాళాలుండేవి. ఒక చెవి సూపరింటెండెంటు దగ్గర, ఒకటి ఖజానాలో. ఈ పిల్లలు ఆ పెట్టెను ఎన్నడూ చూసి ఉండరు. అయినా రెండు తాళాలూ పెట్టారు. నాకు నమ్మకం కుదిరింది.

బొమ్మనహళ్ళిలో

చివరి మాట చెప్పాలంటే ముందు బట్ట ధర ఖాయం కావాలి. గురువారం పొద్దున బొమ్మనహళ్ళి వెళ్ళాం. గార్మెంట్ షిఫ్టు మొదలయ్యే వేళ. హోసూరు రోడ్డు దాటడానికి పావుగంట పట్టింది, దాటేసరికి నా ఎడమ చెప్పు తెగింది. కుట్టేవాడు కనబడలేదు. రోడ్డు పక్కన చెప్పులమ్మేవాడు కొత్త జత నూట అరవై చెప్పాడు, నూట నలభైకి దిగాడు. మా ఊళ్ళో ఆ జత నూట పది.

దర్శినిలో నిలబడి పళ్ళెమంత వెడల్పు తట్టె ఇడ్లీ తిన్నాం. ఈ హోటళ్ళలో కుర్చీలుండవు. ముసలివాళ్ళయినా నడుమెత్తు బల్లమీద పళ్ళెం పెట్టుకుని నిలబడి తినాల్సిందే. బొరుగుల ఉగ్గాణీ, మిరపకాయ బజ్జీ తినే మా కడుపుకు అది పొద్దుటి పలహారంలా అనిపించదుగానీ, దానిమీద పెట్టిన వెన్నముద్ద మాత్రం నిజంగా వెన్నే.

బట్టల దుకాణంలో మార్వాడీ ముసలాయన. నాగవేణి తానును వేళ్ళ మధ్య నలిపింది, దారం లాగింది, వాసన చూసింది. పన్నెండు వందల దుప్పట్లకు బట్ట కొంటామంటే ఆయన మీటరుకు రెండు రూపాయలు తగ్గిస్తానని మాటిచ్చాడు. నమూనాకు పది మీటర్లు కొన్నాం. ఆయన కొలిచి కత్తెర పెట్టబోతే నాగవేణి ఆయన చేతినే చూస్తూ నిలబడింది. కత్తెర ఒక జానెడు పక్కకు జరిగింది.

"సూసినావా పెద్దమ్మా" అంది బయటికొచ్చాక. "ఊరు ఎంత పెద్దదైతే ఏమి, కొసరు ఉండాది."

తిరుగు బస్సులో, టికెట్టు వెనక లెక్క వేశాను. రెండొందల తొంభై చొప్పున పన్నెండుకు మూడువేల నాలుగొందల ఎనభై. ఆ డబ్బుకు మనం ఇస్తున్నది పదమూడు. అంటే ఒక్కోదానికి మనకు వస్తున్నది రెండొందల అరవై ఎనిమిదికి ముప్పై పైసలు తక్కువ. కొసరు మానేస్తే రెండొందల అరవై ఎనిమిదికే అమ్మవచ్చు. మిషను మీద కూర్చున్నవాళ్ళ కూలిలో పైసా తగ్గదు.

నాగవేణి టికెట్టు నా చేతికి తిరిగి ఇచ్చేసింది. "లెక్క సరే. కానీ మనం ఇచ్చేది మంచానపడినోళ్ళకు పెద్దమ్మా. ఒకటి తడిస్తే ఇంకోటి ఉండల్ల. పదమూడోది తీసేసి నేను అమ్మను."

షెడ్డు సంగతి గుర్తు చేశాను. కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. టికెట్టును నేను సంచిలో దాచాను.

వన్ బై టూ

ధర వేయడానికి గడువు శుక్రవారం పన్నెండు గంటలు. గురువారం మధ్యాహ్నం ఎలక్ట్రానిక్ సిటీ మేడ కింద కాఫీ దుకాణం దగ్గర శంకరప్ప ఎదురయ్యాడు. తెల్ల చొక్కా, జేబులో రెండు ఫోన్లు. ఆ దుప్పట్ల టెండరే అతనూ వేస్తున్నాడు, జిగణి సరుకుతో.

"ఏమి మేడమ్, మీరూ దీంట్లో దిగినారా?" అని నన్ను పలకరించి, మా ఇద్దరికీ కలిపి ఒక వన్ బై టూ చెప్పాడు. అంటే ఒక కాఫీ ధరకు రెండు చిన్న గ్లాసులు. మా ఊళ్ళో అట్లా అడిగితే పిసినారి అంటారు. ఇక్కడ కోటీశ్వరుడు కూడా అడుగుతాడు, ఎవరూ తప్పు పట్టరు.

మాటల్లో నాగవేణి అతన్ని అడిగింది, ఇప్పుడు జిగణివాళ్ళు కూడా డజనుకు పదమూడిస్తున్నారా అని.

"ఫ్యాక్టరీవాళ్ళు కొసరెందుకిస్తారమ్మా? నీకే ఆ పెద్ద మనసు."

"మరి ఆసుపత్రివాళ్ళు అడగరా, ముందు వచ్చేది ఇప్పుడెందుకు రాల్యాదని?"

శంకరప్ప నవ్వాడు. అందులో ఏ దురుద్దేశమూ లేదు, నిజంగానే అతనికి ఆ ప్రశ్న వింతగా అనిపించింది. "ఆసుపత్రివాళ్ళ ఆర్డరులో పదమూడోదానికి చోటెక్కడిదమ్మా? వాళ్ళకు ఎప్పుడూ పన్నెండే. అవి మా ఇంట్లోనే ఉండిపోయేవి. మా పెద్దదాని పెళ్ళికి వచ్చినోళ్ళంతా నీ దుప్పట్ల మీదే పండుకున్నారు. బాగుండాయన్నారు."

నాగవేణి గ్లాసు బల్లమీద పెట్టింది. అందులో ఇంకా కాఫీ ఉంది. సగం కాఫీలో సగం వదిలేసి మెట్లెక్కింది. లిఫ్టు ఉందని నేను పిలిచినా వినలేదు. నేను లిఫ్టులో మూడో అంతస్తు చేరేసరికి ఆమె కంప్యూటరు ముందు కూర్చుని ఉంది.

"ఆ టికెట్టు ఇయ్యి పెద్దమ్మా."

ఇచ్చాను. రెండు, ఆరు, ఎనిమిది. ఒక్కో అంకె విడివిడిగా నొక్కింది. మెడ చాచి సంతకం గుచ్చింది. మళ్ళీ ఎవరైనా తాళి మాట అంటారేమో అని చుట్టూ చూశాను. ఎవరూ అనలేదు.

శుక్రవారం మూడు గంటలకు

మూడింటికి గోడమీద పెద్ద తెర వెలిగింది. అయిదుగురు ధరలు వేశారని చూపించింది. తర్వాత ఒక చక్రం తిరగడం మొదలుపెట్టింది. ఆసుపత్రిలో ఒక ఆఫీసరు తాళం తీశాడట, రెండో ఆయన భోజనం నుంచి రాలేదట. మా ఆఫీసులోనూ రెండో చెవి కోసం ఇట్లాగే కూర్చునేవాళ్ళం. నాగవేణి నా మణికట్టు పట్టుకుని ఉంది. గాజు ఒకటి ఒత్తుకుంటోందని చెప్పాలనుకుని ఊరుకున్నాను.

మూడూ ఇరవై రెండుకు చక్రం ఆగింది.

అయిదు పేర్లు, అయిదు ధరలు. శంకరప్పది రెండొందల డెబ్బై అయిదు. దానిమీద ఇంకొక్క వరసే ఉంది. అందులో మా షెడ్డు పేరు, తెలుగు అక్షరాలతో, పక్కన రెండొందల అరవై ఎనిమిది.

నాగవేణి ఆ వరసను పైకి చదివింది. మళ్ళీ చదివింది. "ఇప్పుడు పిలుస్తారా, తగ్గించమని?"

"ఎవరూ పిలవరక్కా" అంది వసంత. ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "అయిపాయ. ఆర్డరు మీదే."

చీపుర్లవాళ్ళు, ఊదొత్తులవాళ్ళు అందరూ చప్పట్లు కొట్టారు. వాళ్ళ టెండర్లు ఇంకా తెరవలేదు. అయినా కొట్టారు. కుర్చీల పెద్దాయన లేచి నిలబడి కొట్టాడు. నాగవేణి షెడ్డుకు ఫోను చేసి స్పీకరు పెట్టింది. ముందు ఎనిమిది మిషన్ల చప్పుడు వినబడింది. ఆమె సంగతి చెప్పింది. మిషన్లు ఒకటొకటిగా ఆగాయి, తర్వాత అక్కణ్ణుంచి వచ్చిన కేక నాకు రెండు చెవులా మోగింది. జీవితంలో నేను ఎన్ని టెండర్లు తెరిచానో నాకు లెక్క ఉంది. గెలిచినవాళ్ళ పక్కన కూర్చోవడం ఇదే మొదటిసారి.

వెనక వరసలోంచి శంకరప్ప మా దగ్గరకు వచ్చాడు. "ఆ పెళ్ళి మాట నేను చెప్పకుండా ఉండాల్సింది" అన్నాడు తల గోక్కుంటూ. వెళ్ళబోతూ, జిగణివాళ్ళు ఎప్పుడైనా ఆలస్యం చేస్తే తనకు కొన్ని కుట్టిపెడతావా అని అడిగాడు.

"రేటు కాలమ్‌లో వెయ్యన్నా. సూస్తాం" అంది నాగవేణి.

పదమూడోది

గెలిచినవాళ్ళు నమూనాకు ఒక డజను ముందుగా ఇవ్వాలి. శనివారం ఆసుపత్రి స్టోరుకు వెళ్ళాం. స్టోరుకీపరు కన్నడమామె, కళ్ళద్దాలు, చేతిలో టేపు. ప్రతి దుప్పటీ విప్పి కొలిచింది, కుట్టు లాగి చూసింది, వంక పెట్టలేదు. పన్నెండు లెక్కపెట్టి, పదమూడోదాన్ని మడిచి తిరిగి ఇచ్చింది.

"ఉండనీ మేడమ్" అంది నాగవేణి. "లెక్కలో లేదమ్మా" అంది ఆమె. కఠినంగా ఏమీ అనలేదు. లెక్కలో లేని దుప్పటి అక్కడ ఉంటే రేపు తనిఖీలో తన ఉద్యోగం మీదికి వస్తుందట. నేను ఆ కుర్చీలో ఉన్నా అదే మాట అనేదాన్ని. నాగవేణితో ఆ సంగతి చెప్పాను కూడా.

బయట వరండాలో రోగుల తాలూకు మనుషులు గోడవారగా కూర్చుని ఉన్నారు. తెరిచిన తలుపులోంచి మంచాలు కనబడుతున్నాయి. నాగవేణి అటువైపు కాసేపు చూసి దుప్పటిని చంకలో పెట్టుకుంది. హెబ్బగోడి వెళ్ళి సామాను సర్దుకునేటప్పుడు దాన్ని రత్న మంచం మీద పరిచి, నాలుగు మూలలూ లోపలికి దోపి, ఒక్క ముడత లేకుండా చేత్తో రాసింది. రత్న అప్పుడు షిఫ్టులో ఉంది.

రాత్రి ఎనిమిదీ పదికి హిందూపురంలో దిగాం. ఎనిమిదిమందీ బస్టాండులో ఉన్నారు. షెడ్డు యజమానికి తాళాలు ఇవ్వనక్కర్లేదని నాగవేణి బస్సు మెట్టుమీద నుంచే చెప్పింది.

ఈ టెండర్లకు వెళ్ళాలనుకునే చిన్న షెడ్లవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. వెళ్ళండి. మీ చివరి మాట ఏమిటో ఇంట్లోనే తేల్చుకుని వెళ్ళండి.

ఈ ప్రయాణంలో పోయినవి:

గొడుగు, ఒకటి. హెబ్బగోడి బస్సులో.

చెప్పుల జత, ఒకటి. ఎడమది తెగింది, కుడిది దానితోపాటు పారేశాను.

నా గాజు, ఒకటి. శుక్రవారం మూడూ ఇరవై రెండుకు.

కాఫీ, పావు.

శంకరప్ప దసరాకు పంపే మిఠాయి పొట్లం, ఇక రాదు.

కొసరు, పన్నెండు వందలకు నూరు దుప్పట్లు. కుట్టలేదు, ఎవరికీ ఇవ్వలేదు.